లోపలి గడప

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు వస్తుంటే మా సందు తగులుతుంది. సందు చివర ఒక పాత మేడ ఇల్లు. పగలు చూస్తే అందులో ఏ ప్రత్యేకతా కనబడదు. ముందు జామచెట్టు, తుప్పు పట్టిన గేటు, గేటుకు వేలాడే పాల ప్యాకెట్ల సంచి. కానీ వాన పడే రాత్రి ఆ ఇంటి ముందు ఆటో ఆపమని చెప్పి చూడండి... మా సందు సంగతి తెలిసిన ఆటోవాడైతే ఆపడు. ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి దింపుతాడు.

"గాడ కుక్కుంటది సార్" అంటాడు.

"ఏ కుక్క? నేనెప్పుడూ చూడలేదే!"

"కనవడదు సార్. వాసనొస్తది..."

నేను దెయ్యాలను నమ్మను. రోజూ సెంట్రల్ లైబ్రరీకి పోయి పేపర్లన్నీ తిరగేసే మనిషిని, ఇలాంటివి నమ్మితే నలుగురూ నవ్వుతారు. అయినా వానలో నా స్కూటర్ ఆ ఇంటి ముందే ఆగిపోతే, తోసుకుంటూ మూల మలుపు దాకా పోతాను గానీ అక్కడ నిలబడి కిక్కు కొట్టను. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు.

ఆ ఇంటికి చెడ్డపేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. పై అంతస్తులో ఇంటాయన ప్రహ్లాద్ గారు ఒక్కరే ఉంటారు. కింది భాగంలో శ్రీపతి గారని ఒకాయన చాలా కాలం కిరాయికి ఉండేవారు. ఆయనా ఒంటరే. నాలుగు మాటలు మాట్లాడితే మధ్యలో ఆగి గాలి పీల్చుకునేవారు. ఆయనకు తోడు ఒక తెల్ల కుక్క. పేరు బిజిలీ. పేరుకే బిజిలీ, కదలాలంటే దానికి మహా బద్ధకం.

ఒక ముసురు రాత్రి శ్రీపతి గారు పడకగదిలో పోయారు. పొద్దున పాల సంచి అలాగే ఉందని అనుమానం వచ్చి తలుపు తీస్తే... పడకగది గడప మీద బిజిలీ పడుకుని ఉంది. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఎలాగో పట్టి పక్కకు లాగి ఆయన్ను తీసుకెళ్లారు. అందరూ వెళ్లిపోయాక మళ్లీ వచ్చి అదే గడప మీద పడుకుంది. అన్నం పెట్టినా ముట్టలేదు. కొన్నాళ్లకు ఆ గడప మీదే కన్ను మూసింది.

తర్వాత కిరాయికి దిగినవాళ్లు ఎవరూ ఎక్కువ కాలం నిలవలేదు. అందరిదీ ఒకటే మాట. వాన పడితే చాలు, ఆ గదిలో తడిసిన కుక్క వాసన. ఆ వెనకే గోళ్లతో గీకుతున్న చప్పుడు.

ఇక ఉదయ్ కుమార్ సంగతి. అతనికి నారాయణగూడలో చిన్న కళ్లద్దాల షాపుంది. నా కళ్లజోడు ఎప్పుడు ఊడినా అతని దగ్గరికే పోతాను. ఒకరోజు దాని స్క్రూ బిగిస్తూ ఈ కథ మొదలుపెట్టాడు. బిగించడం అయిపోయింది, షాపు ముందు లైట్లు వెలిగాయి, కథ మాత్రం అవలేదు. అతను చెప్పిందే మీకు చెబుతున్నాను.

ఉదయ్‌కి భార్య నవత, తల్లి లక్ష్మి గారు, ఒకటో తరగతి చదివే కూతురు అనూహ్య. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. అంతకుముందు క్రాస్‌రోడ్స్ దగ్గర మెయిన్‌రోడ్డు మీద ఉండేవాళ్లు. బస్సుల పొగ, దుమ్ము. ఒకసారి పిల్లకు ఊపిరాడక ఆసుపత్రిలో పెడితే, "ముందు ఆ ఇల్లు మారండి. ఇంకోసారి ఇలా వస్తే నేను హామీ ఇవ్వలేను" అన్నాడు డాక్టర్. అలా మా సందుకు వచ్చారు. పాప ఊపిరి కోసం వచ్చిన ఇల్లది.

ప్రహ్లాద్ గారు ఇల్లు చూపించేటప్పుడు నీళ్లకు తిప్పల్లేదన్నారు, ఎలుకల్లేవన్నారు. శ్రీపతి గారి మాట ఎత్తలేదు.

ఎండాకాలంలో దిగారు. పాలు పొంగించారు. ఎండాకాలమంతా ఏ వాసనా లేదు, ఏ చప్పుడూ లేదు. అనూహ్య రాత్రంతా హాయిగా నిద్రపోయేది. నవత సంతోషానికి హద్దు లేదు.

మొదటి వాన పడింది...

ఆ రాత్రి నవతకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. గదిలో ఏదో వాసన. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై ఒళ్లు జలదరించింది. తడిసిన కుక్క వచ్చి మంచం పక్కనే పడుకుంటే ఎలా ఉంటుందో... అచ్చం అలా ఉంది.

కదలకుండా పడుకుంది. అప్పుడు వినిపించింది—

గర్ర్... గర్ర్...

గడప దగ్గర. కట్టె మీద గోళ్లతో గీకినట్టు. ఆగి, మళ్లీ.

చెయ్యి చాపి లైటు వేసింది. గడప మీద ఏమీ లేదు. తలుపు ఓరగా వేసి ఉంది. అవతల హాల్లో ఉదయ్, లక్ష్మి గారు నిద్రలో ఉన్నారు. పక్కకు చూస్తే అనూహ్య లేచి కూర్చుని ఉంది. గుండెలో నుంచి సన్నగా ఈల. కుక్కర్ కూతకు వచ్చే ముందు చేసే చప్పుడు లాంటిది.

"అమ్మా... గాలి వస్తలేదు..."

మందు పెట్టిన మిషన్ మాస్కు పిల్ల మొహానికి అదిమి పట్టుకుని నవత తెల్లవారేదాకా కూర్చుంది.

పొద్దున ఇల్లు ఊడ్చడానికి మాసమ్మ వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు మనిషి, బస్తీలో ఉంటుంది. నవత ఆమెను మెల్లగా అడిగింది. "మాసమ్మా, ఈ ఇంట్ల ఇంతకుముందు ఎవరన్న కుక్కను పెంచిండ్రా?"

మాసమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

"అక్కా... మీకు చెప్పలేదా?"

ఇంక చెప్పడం మొదలుపెట్టింది. మాసమ్మ చెబితే ఉన్నది ఉన్నట్టు ఉండదు. కుక్క కళ్లు నిప్పుల్లా మెరిశాయంది. శ్రీపతి గారు అమావాస్యకు గేటు దాకా నడుస్తారంది. హాల్లో జపమాల తిప్పుతున్న లక్ష్మి గారి చెయ్యి కూడా ఆగిపోయింది.

ఆ రోజు నుంచి లక్ష్మి గారు కొత్త నియమం పెట్టుకున్నారు. వీధి గడపకు శుక్రవారం పసుపు రాయడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు పడకగది గడపకు కూడా... అదీ రోజూ, రెండు పూటలూ. చెంబెడు పసుపు నీళ్లతో కడగడం, బొట్లు పెట్టడం, సందె వేళ ఇల్లంతా సాంబ్రాణి పొగ వెయ్యడం.

"గడప చల్లగుంటె గాలి ధూళి దాటి రాదు బిడ్డా. పిల్ల పండుకునే అర్ర అది" అనేవారు.

పాపం, ఆమె ప్రేమకు వంక పెట్టేదేముంది? కానీ వాసన తగ్గలేదు. ఇంతకుముందు వాన పడితేనే వచ్చేది. ఇప్పుడు సందె పడితే వస్తోంది. పిల్లకు ఆయాసం రోజూ. బడికి పోవడం మానేసింది. బుగ్గలు లోపలికి పోయాయి.

డాక్టర్ రక్తపరీక్ష చేయించాడు. రిపోర్టు చూసి కళ్లజోడు పైకి తోసుకుని అడిగాడు—

"మీ ఇంట్లో కుక్క ఉందా?"

"లేదు డాక్టర్."

"ఉంది" అన్నాడు ఆయన. "పాపకు పడనిది కుక్కే. ఇంట్లో ఎక్కడో ఉంది, చూడండి."

ఉదయ్, నవత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మొహాలు చూసి డాక్టర్ వివరంగా చెప్పాడు. కుక్క పోయినా దాని వెంట్రుకలు, ఒంటి మీది సన్నటి పొట్టు, ఉచ్చ మరక ఏళ్ల తరబడి ఇంట్లో దాక్కుని ఉంటాయి. అవి గాలిలో లేచి పాప ఊపిరిలో పడుతున్నాయి. ఎక్కడున్నాయో వెతికి తీసేయాలి. తీసేస్తే పాప మామూలుగా ఉంటుంది.

ఆ మాటతో నవతకు సగం భయం పోయింది. వెతకడానికి ఒక వస్తువు ఉందంటే దెయ్యం కాదు కదా! కొంగు నడుముకు చుట్టింది.

పరుపు పడేసింది. పరదాలు వేడినీళ్లలో ఉడకబెట్టింది. కూలర్‌లో పాత గడ్డి పీకి పారేసింది. అలమార జరిపి వెనకాల తుడిచింది. గోడలు గీకించి మళ్లీ రంగు వేయించింది. నేల మీద వెనిగర్ పోసింది, వంట సోడా చల్లింది, బ్లీచింగ్ వేసింది. దోమలగూడలో కుక్కల సామాన్లు అమ్మే షాపు నుంచి ఉచ్చ వాసన పోగొట్టే మందు తెచ్చి మూలమూలనా కొట్టింది. తోమి తోమి మాసమ్మ చేతులు పొట్టు లేచాయి.

"అక్కా, ఇంత కడిగితే దెయ్యమైనా సిగ్గుపడి పోవాలె" అంది మాసమ్మ.

పోలేదు. పగలు కిటికీలన్నీ తీసి ఉంచితే ఇల్లు ఆసుపత్రిలా శుభ్రంగా ఉండేది. సందె పడగానే... మళ్లీ అదే. పిల్ల మంచం హాల్లోకి మార్చారు. గోడ అవతలి నుంచి ఇవతలికి వచ్చింది, అంతే. వాసన కూడా ఇవతలికి వచ్చింది. మంచం మళ్లీ లోపలికే మార్చారు.

ఇంక ఈ ఇల్లు వదిలేద్దామన్నాడు ఉదయ్. వదిలి ఎక్కడికి పోవాలి? మళ్లీ బస్సుల పొగలోకా? నవత ఏడ్చింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. బయట వాన లేదు. గాలి కూడా లేదు. లక్ష్మి గారు పడకగది గడప కడిగి బొట్లు పెట్టి, తులసి దగ్గర దీపం పెట్టడానికి ముందుకు వెళ్లారు. పిల్లను ఎత్తుకుని ఉదయ్ గేటు దగ్గర నిలబడ్డాడు. పడకగదిలో నవత ఒక్కతే, నేల మీద కూర్చుని ఉంది.

వాసన మొదలైంది.

వాన లేదే... మరి ఎట్లా?

లేచి పారిపోవాలనిపించింది. కానీ పిల్ల ఈల చెవుల్లో ఉంది. నవత రెండు చేతులూ నేలకు ఆనించింది. ముక్కు నేల దాకా వంచింది. చీకట్లో మెల్లగా, మోకాళ్ల మీద, వాసన చూసుకుంటూ పాకడం మొదలుపెట్టింది. మంచం కింద... లేదు. అలమార మూల... లేదు. గోడ వార... ఇక్కడ కొంచెం. ముందుకు... ఇంకొంచెం. ఇంకా ముందుకు...

నుదుటికి చల్లగా ఏదో తగిలింది.

తడి. పసుపు.

గడప!

వాసన ఆ కట్టెలో నుంచే వస్తోంది. ఫోను లైటు వేసింది. పసుపు రంగు పెయింటు మందంగా ఉంది, దాని మీద అత్తగారి పసుపు, కుంకుమ. వంటింట్లోంచి కత్తి తెచ్చి గీకింది. పెయింటు కింద కట్టె బొగ్గులా నల్లగా ఉంది. నీళ్లు తాగి మెత్తబడింది. గడపకూ నేలకూ మధ్య సందులో కత్తి దూర్చి లాగితే... తెల్లటి వెంట్రుకల ఉండ ఒకటి చేతిలోకి వచ్చింది.

కెవ్వుమని అరవబోయి ఆగింది. ఇల్లంతా కడిగారు, ఇల్లంతా గీకారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గడప కదా! పసుపు రాసి దండం పెట్టేదాన్ని బ్రష్షుతో తోమాలని ఎవరికి తోస్తుంది? ఆ కుక్క రోజులూ రాత్రులూ దాని మీదే పడుకుంది, లేవకుండా దాని మీదే ఉచ్చ పోసుకుంది. కట్టె అంతా తాగింది. ఎండితే నిద్రపోతుంది, తడిస్తే లేస్తుంది. దాన్ని రోజూ రెండు పూటలా చెంబెడు నీళ్లు పోసి లేపుతున్నది... అత్తగారే.

"నవతా! కత్తితోని గడప మీద ఏం చేస్తున్నవ్?"

వెనకాల దీపం పట్టుకుని లక్ష్మి గారు నిలబడి ఉన్నారు.

నవత అంతా చెప్పింది. వెంట్రుకలు చూపించింది. "ఈ గడప తీసేయాలె అత్తమ్మా. రేపే."

"తీసేసుడేంది? ఆషాఢంల ఇంటికి మేకు గూడ కొట్టరు. నువ్వు గడప పీకుతనంటవ్! గడప పీకితె ఇంట్ల ఏం నిలుస్తది? పిల్ల ప్రాణం మీదికొస్తది."

"పిల్ల ప్రాణం కోసమే అడుగుతున్న అత్తమ్మా..."

ఉదయ్ మధ్యలో నలిగిపోయాడు. శ్రావణం రాగానే మంచిరోజు చూసి మారుద్దామని, అందాకా గడప తడపొద్దని ఒప్పందం చేశాడు. లక్ష్మి గారు తల ఊపారు. ఊపారే గానీ, గడప బోసిగా ఉంటే ఆమెకు ప్రాణం నిలవలేదు. ఎవరూ చూడనప్పుడు చేతిలో కాసిని నీళ్లు తెచ్చి... అలవాటు మనిషి, భయం కూడా ఉంది.

ఆ వారమే ముసురు పట్టింది.

ఆ రాత్రి గాలివాన. నవత పడకగది కిటికీలన్నీ బిగించి పిల్లను గుండెలకు హత్తుకుని పడుకుంది. లైటు ఆర్పి ఎంతోసేపు కాలేదు—

గర్ర్... గర్ర్...

వాసన ఉప్పెనలా వచ్చింది. అనూహ్య దగ్గు. దగ్గు మీద దగ్గు. హాల్లో లైటు వెలిగింది. ఉదయ్ తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. అతని కాళ్ల దగ్గరే చప్పుడు. గడప మీద ఏమీ లేదు. చప్పుడు మాత్రం ఉంది...

"వచ్చింది... వచ్చిందిరా ఉదయ్!" లక్ష్మి గారు గొణిగారు. పరుగున వెళ్లి నిప్పుల్లో గుప్పెడు సాంబ్రాణి వేసి తెచ్చారు. మంచం చుట్టూ తిప్పారు. పొగ... గది నిండా పొగ.

"అమ్మా, వద్దు!" అని ఉదయ్ అరిచేలోగా పిల్ల పెదాలు నీలంగా మారాయి.

ఎలా ఎత్తుకున్నారో, ఆ వానలో ఏ ఆటో ఎక్కారో వాళ్లకే గుర్తు లేదు. ఆసుపత్రిలో పిల్ల మొహానికి ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచింది. తెల్లవారేసరికి అనూహ్య కళ్లు తెరిచి ఇడ్లీ అడిగింది.

వరండా బెంచీ మీద లక్ష్మి గారు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నారు. వేళ్లకు ఇంకా సాంబ్రాణి పొడి అంటుకుని ఉంది.

"నవతా... వడ్రంగి ఈదయ్యను పిలిపియ్యి. గడప పీకేద్దాం."

"ఆషాఢం కద అత్తమ్మా?"

"నా మనవరాలి కంటె పెద్దదా ఆషాఢం?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవత పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

ఈదయ్య వచ్చాడు. ఆషాఢం అని అతనూ గునిశాడు. గడపకు దండం పెట్టి, అప్పుడు గునపం దూర్చాడు. గడప ఒక్క మూలుగు మూలిగి పైకి లేచింది.

కింద తెల్ల వెంట్రుకలు పరిచినట్టు ఉన్నాయి. ఆ కంపుకు మాసమ్మ గేటు దాకా పరుగెత్తింది. ఈదయ్య కూడా తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు.

"మరి ఆ గీకుడు చప్పుడేంది ఈదయ్యా?" అని ఉదయ్ అడిగాడు.

ఈదయ్య తలుపు అంచు చూపించాడు. "తడికి గడప ఉబ్బింది సార్. గాలికి తలుపు కదిలితె దీనికి ఒరుసుకుంటది. గంతే."

గంతే! ఉదయ్‌కు నవ్వు వచ్చింది. ఇన్నాళ్లూ ఒక తడిసిన కట్టెకు, ఒక ఒరుసుకునే తలుపుకు భయపడ్డారన్నమాట.

అప్పుడు ఈదయ్య గడపను వాకిట్లోకి తెచ్చి తిరగేసి పెట్టాడు. గునపం దెబ్బకు గది లోపలి వైపు పెయింటు పెచ్చులుగా రాలిపోయింది. దాని కింద... గీతలు. లోతైన గీతలు. ఒకదాని మీద ఒకటి, కట్టె పేలికలయ్యేలా. తలుపు ఒరిపిడి కాదు అది. గోళ్లవి.

మెట్ల మీద ఎవరో కూలబడిన చప్పుడైంది. చూస్తే ప్రహ్లాద్ గారు.

"ఆ పసుపు పెయింటు నేనే వేసిన" అన్నారు. "ఆ గీతలు చూడలేక..."

ఆయనే చెప్పుకొచ్చారు.

"శ్రీపతికి దమ్ము ఉండె. మన పాప లెక్కనే. దమ్ము లేస్తె నోట మాట రాదు, పిలుద్దామన్న పిలవరాదు. బిజిలీ గడప గీకేది. పైన నాకు ఇనొస్తది. దిగొచ్చి మందు అందిచ్చేటోణ్ణి. ఎన్నిసార్లు దిగిననో... ఆ రాత్రి గూడ గీకింది. వాన పడుతున్నది. మోకాళ్లు నొస్తున్నయి. ఇప్పుడే సప్పుడు ఆగుతది, పొద్దుగాల చూద్దామనుకున్న. అది ఆగలే... చానా సేపు గీకింది. నేను చెవుల మీద దిండు పెట్టుకున్న..."

లక్ష్మి గారు మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చారు. ఆయన తాగలేదు.

కొత్త గడపకు టేకు కర్ర ఆయనే తెప్పించారు. కింది సందులో వెంట్రుక మిగలకుండా గీకి, మందు కొట్టి, ఆరబెట్టి, సిమెంటు నింపారు. ఈదయ్య తలుపు అంచుకు చిత్రిక పట్టి, కింద వేలు దూరేంత ఖాళీ ఉంచాడు. పాత గడపను దూరంగా తీసుకెళ్లి కాల్చేశారు. లక్ష్మి గారు కొత్త గడపకు పొడి పసుపే రాశారు. సాంబ్రాణి మానేశారు.

వానలు పడ్డాయి. బోనాలు అయిపోయాయి, వినాయకుడు వచ్చి వెళ్లాడు. ఆ ఇంట్లో మళ్లీ వాసన రాలేదు. చప్పుడూ లేదు. అనూహ్య బుగ్గలు నిండాయి. బడి నుంచి వస్తూ గేటెక్కి ఊగేది.

ఇంతవరకు చెప్పి ఉదయ్ నా కళ్లజోడు తుడిచి ఇచ్చాడు. నేను నవ్వాను. "చూశావా? నేను ముందే అనుకున్నా. మా సందు దెయ్యం అంతా కలిపి ఒక గడప కట్టె!"

ఉదయ్ నవ్వలేదు.

"ఇంకా అయిపోలేదన్నా" అన్నాడు.

దీపావళి రాత్రి. మా సందులో పటాకుల పొగకు ఎదురిల్లు కనబడదు. నవత ముందే తలుపులు, కిటికీలు అన్నీ బిగించింది. పిల్లకు మందు పట్టింది. పొగకు తనకే తలనొప్పి లేచి, మాత్ర వేసుకుని పిల్ల పక్కన పడుకుంది. పండగ పని అలసట. ఇల్లంతా ఒళ్లు తెలియని నిద్ర.

దబదబా వీధి తలుపు బాదుతున్నారు.

ఉదయ్ చిరాగ్గా లేచి తీశాడు. ఎదురుగా ప్రహ్లాద్ గారు. లుంగీ మీద, చెప్పుల్లేకుండా, చేతిలో కారు తాళం చెవి. రొప్పుతున్నారు.

"పాప ఎట్లుంది?"

"ఏమైంది అంకుల్? పండుకుంది కద..."

"జర చూడు ముందు!"

ఉదయ్ పడకగది లైటు వేశాడు. నవత గాఢ నిద్రలో ఉంది. ఆమె పక్కన అనూహ్య మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు బయటికి వచ్చాయి. చప్పుడు లేదు. ఈల కూడా లేదు... ఈల వేసేంత గాలి కూడా ఆ పిల్ల గుండెలో మిగల్లేదు. అమ్మను పిలుద్దామని పెదాలు కదుపుతోంది.

ప్రహ్లాద్ గారే కారు నడిపారు. వెనక సీట్లో నవత పిల్ల వీపు రాస్తూ, "నా తల్లి, నా తల్లి" అంటూనే ఉంది. ఆసుపత్రి మెట్లు ఆయనే పిల్లను ఎత్తుకుని ఎక్కారు, ఆ మోకాళ్లతోనే.

పిల్ల దక్కింది.

డాక్టర్ బయటికి వచ్చి ఆ మాట చెప్పాక ఉదయ్ గోడకు చేరగిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చి అడిగాడు—

"అంకుల్... మీకెట్ల తెలిసింది? పిల్ల అరవనే లేదు. పక్కనున్న నవతకే తెలవలే."

ప్రహ్లాద్ గారు అతని వైపు వింతగా చూశారు.

"అదేంది ఉదయ్... అంతసేపు గీకింది కద. మీకు ఇనరాలేదా?"

తెల్లవారి లక్ష్మి గారు ఒక్కరే ఇంటికి వచ్చారు, పిల్లకు బట్టలు తీసుకెళ్దామని. పడకగది తలుపు దగ్గర ఆగిపోయారు. వాసన లేదు. తలుపు కింద వేలు దూరే ఖాళీ అలాగే ఉంది. మెల్లగా కూర్చుని కొత్త గడప మీద చెయ్యి పెట్టారు.

పండగకని దట్టంగా రాసిన పసుపు. దాని మీద, లోపలి వైపు, పిల్ల మంచానికి ఎదురుగా... నాలుగు గీతలు. పసుపును దాటి టేకు కర్రలోకి దిగి ఉన్నాయి.

సాయంత్రం నవత వచ్చి ఆ గీతల్ని వేలితో తడిమి చూసింది. "ఈదయ్యను పిలవమంటరా అత్తమ్మా? చిత్రిక పడితె పోతయి" అంది.

లక్ష్మి గారు తల అడ్డంగా ఊపారు.

"ఉండనియ్యి బిడ్డా" అన్నారు. "కావలి ఉంటున్నది."

ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఆమె ఆ గడపకు పసుపు రాస్తారు. ఆ నాలుగు గీతలు ఉన్నచోట మాత్రం రాయకుండా వదిలేస్తారు.